బరువు పడితే తగిలే పట్టీ

కొలిమిలో బొగ్గు ఎర్రబడే దాకా వరదయ్య నోరు విప్పడు. ఎడమ చేత్తో బ్లోయరు పిడి తిప్పుతూ, కుడిచేతిలోని పొడుగాటి కడ్డీతో బొగ్గుల్ని ఒకదాని మీదికొకటి జరుపుతూ మంటకేసే చూస్తూ ఉంటాడు. మొదటి బొగ్గు వేసేటప్పుడు ‘గోవిందా’ అంటాడు. ఆ తర్వాత మాట లేదు. అప్పుడు ఏ లారీ డ్రైవరో వచ్చి హారన్ కొట్టినా తల తిప్పడు. బొగ్గు అంచుల్లో నారింజ రంగు పుట్టి, అది మెల్లగా లోపలికి పాకినప్పుడు మాత్రం, “ఆఁ, ఇప్పుడు చెప్పప్పా” అంటూ మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేస్తాడు.

వడమాలపేట దాటి పుత్తూరు వైపు పోయే రోడ్డు పక్కన ఆయన షెడ్డు. నాలుగు రాతి కూసాలు, పైన రేకులు. ఉన్న ఒక్క గోడకూ కమాను పట్టీలు పొడుగువారీగా ఆనించి ఉంటాయి. బండి కింద ఇరుసుకు బిగించి, విల్లులాగా వంచి, ఒకదాని కింద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల కట్టనే కమాను అంటారు. రోడ్డు మీది గుంత దెబ్బ మనిషిని చేరకుండా మధ్యలో కాచుకునేది అదే. బరువు మోసీ మోసీ ఆ పట్టీలు వంపు పోగొట్టుకుంటాయి, ఒక్కోసారి విరుగుతాయి. పోయిన వంపును కాల్చి, కొట్టి మళ్ళీ తెప్పించడం వరదయ్య పని. మీసాలు రాని వయసులో చిత్తూరులో ఒక సాయిబు దగ్గర నేర్చుకున్నాడు. అప్పటినుంచీ ఇంకో పని చేయలేదు, చేయాలని అనుకోనూలేదు.

పొట్టి మనిషి కాదు గానీ చూసేవాళ్ళకు పొట్టిగానే కనిపిస్తాడు. ఏళ్ళ తరబడి వంగి పనిచేసి మెడ భుజాల్లోకి దిగిపోయింది. కుడిభుజం ఎడమదానికంటే వాలుగా ఉంటుంది. మోచేతుల దాకా వెంట్రుక అన్నది లేదు, కొలిమి సెగ ఎప్పటికప్పుడు మాడ్చేస్తుంది. పొద్దున స్నానం చేసి పెట్టుకున్న తిరునామం ఎండెక్కేసరికి చెమటతో కలిసి ముక్కు మీదికి జారుతుంది. తుడుచుకోడు. “నేను కొండ పైకి పోలేకపోతే ఆయనే కిందికి దిగినాడు, దిగనీ” అని నవ్వుతాడు.

ఇన్ని బండ్ల కింద పడుకున్న మనిషికి బండి నడపడం రాదు. ఆయనకున్నది సైకిలు. అందుకే పని ముగిశాక ఏ బండినైనా డ్రైవరు పక్క సీట్లో కూర్చునే పరీక్షిస్తాడు. కళ్ళు మూసుకుంటాడు, ఎడమ అరచేతిని సీటు మీద బోర్లా ఆన్చి పెడతాడు. ఇక ఎవరూ పలకరించకూడదు. కళ్ళు తెరిచి ఉంటే గుంత వచ్చేది ముందే కనిపించి ఒళ్ళు బిగుసుకుంటుందట, అప్పుడు కమాను చెప్పే మాట వినిపించదట. ఈ అలవాటు ఆ దారిలో తిరిగే డ్రైవర్లందరికీ తెలుసు. “వరదన్న జపంలో ఉండాడు” అంటారు.

ఆ శుక్రవారం పొద్దున బొగ్గు సగం ఎర్రబడే వేళకు, మేనల్లుడు భానుచందర్ తన పికప్పు బండిని షెడ్డు ముందు ఆపాడు. వెనక చిన్న ట్రైలరు, దాని మీద జనరేటరు. ఆ పిల్లవాడిది లైటింగు వ్యాపారం. చుట్టుపక్కల జాతరలకూ తిరునాళ్ళకూ దీపాల తోరణాలు కట్టి, జనరేటరుతో వెలిగిస్తాడు. మామ మౌనం సంగతి తెలుసు గనక బండి దిగి, రాతి మీద కూర్చుని ఎదురుచూశాడు.

వరదయ్య లేచి బండి చుట్టూ ఒకసారి నడిచాడు. ముందుభాగం పైకి లేచి, వెనకభాగం ట్రైలరు బరువుకు కుంగి ఉంది.

“ఏందిరా అల్లుడా, మూతి ఆకాశానికి ఎత్తుకోనుండాది నీ బండి? శ్రీహరికోటకు పోవాల్సింది దారి తప్పి ఈడికొచ్చిందా?”

“ఎగతాళి చెయ్యబాక మామా.”

“ఎవుర్రా దీన్నిట్లా లేపింది?”

“నేనే లేపించినా, తిరుపతిలో. పోయినేడు ఊరేగింపులో పెంచలయ్య పెదనాయన అందరి ముందరా ఏమన్నాడో మరిసిపోయినావా? ‘అమ్మోరు ముందుకు తూలిపడేట్టుండాది, బండి సరిగా పెట్టుకోను చేతగాదా’ అన్నాడు. నాకు తల తీసేసినట్టయింది.”

వరదయ్యకు గుర్తుంది. వాళ్ళ ఊరి ధర్మరాజుల గుడిలో ఏటా భారతం జరుగుతుంది. ఆ గుడికి పెద్ద పెంచలయ్యే. పగలు హరికథ, రాత్రి నాటకం. ఆఖరి ఆదివారం పొద్దున ద్రౌపదమ్మ ఉత్సవ విగ్రహాన్ని పూలతో అలంకరించి భాను బండి మీదనే ఊరేగిస్తారు. ఆ తర్వాత దుర్యోధన వధ. మైదానంలో మట్టితో పడుకోబెట్టిన ఆ పెద్ద బొమ్మ తొడను భీముడి వేషగాడు గదతో పగలగొట్టడం, అమ్మ జుట్టు ముడవడం, సాయంత్రం నిప్పుల గుండం. ఇలాంటి బండ్లు ఖాళీగా ఉన్నప్పుడు వెనకభాగం కాస్త ఎత్తుగా, ముందుభాగం కాస్త వంగి ఉంటాయి. సరుకెత్తితే వెనక దిగి సమానమవుతుంది. చేసినవాళ్ళు తెలిసే అలా చేస్తారు. కానీ పోయినేడు జనరేటరును ఒక ట్రాక్టరుకు తగిలించారు. ఖాళీ బండిలో అమ్మవారు, ఆమె పీట, పూజారి, అంతే. బండి వాలుకు అమ్మ ముందుకు వంగినట్టే కనిపించింది.

“అందుకని అమ్మోరిని నిటారుగా నిలబెట్టను బండి మూతి లేపినావు.”

“ముందర ఇరుసుకూ కమానుకూ మధ్యన ఇనప దిమ్మలు పెట్టినారు మామా. పీట పెట్టి సూస్తే సక్కగా ఉండాది. బండి కూడా సూసేదానికి గంభీరంగా ఉండాదని సంబరపడినా. ఇంటికొచ్చి జనరేటరు తగిలిస్తే…”

“ఎనక్కి పడుకునింది.”

భాను తల ఊపాడు.

“పోయినేడు వంగి దండం పెట్టింది, ఈ ఏడు పవళింపు సేవ!” వరదయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. భానుకు కూడా నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాడు.

“రాత్రి లైట్లేస్తే రోడ్డు మీద పడవు మామా, సింతసెట్ల కొమ్మల మీద పడతా ఉండాయి. ఎదురొచ్చేవాళ్ళు తిట్టుకుంటా పోతా ఉండారు. స్టీరింగు చేతిలో తేలిపోతాది. అందుకని ఎనక కుంగకుండా ఇంకో లావుపట్టీ ఏయించినా.”

“అదీ అయిందా.”

“ఊఁ. ట్రైలరు విప్పేసి, అమ్మను ఎక్కించుకోని మొన్న ఆస్పత్రికి పోయినా.” భాను గొంతు తగ్గింది. “స్పీడుబ్రేకరు కాడ అరిసింది మామా. నేను మెల్లగానే పోయినా. ఐనా అరిసింది. ఇంటికొచ్చినాక కూడా మాట్లాడలేదు, గోడ తట్టు తిరిగి పడుకునింది.”

వరదయ్య నవ్వు ఆగిపోయింది.

భాను తల్లి మునిరత్నమ్మ వరదయ్యకు ఒక్కగానొక్క చెల్లెలు. పుత్తూరులో కొడుకు దగ్గర ఉంటుంది. నీళ్ళగది దగ్గర జారిపడి వెన్నుపూస నలిగింది. ఎముక కూడుకునే దాకా నడుముకు కుదుపు తగలకూడదని డాక్టరు చెప్పాడు. బస్సు వద్దు, ఆటో అసలే వద్దు. తిరగాల్సి వస్తే మెత్తగా పోయే బండిలోనే. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఆమె దుర్యోధన వధ చూడని ఏడాది లేదు. పెళ్ళయిన ఏడు కూడా మొగుణ్ణి వెంటబెట్టుకుని వచ్చి చూసింది. ఈసారి ఫోనులో అన్నను అడిగింది. “న్నా, నేను రాలేనంటావా? అమ్మ జుట్టు ముడిసేది ఒక్కటి సూసి వచ్చేస్తా. ఆపైన మంచానికి కట్టేసినా సరే.” వరదయ్య ఆలోచించకుండా, “నిన్ను తీసుకొచ్చే పూచీ నాది” అన్నాడు. తన చేతిలో కమాను పని ఉండగా చెల్లెలు కుదుపుకు భయపడి ఇంట్లో ఉండిపోవడమేమిటి అనుకున్నాడు. ఆమెను తీసుకురావాల్సిన బండే ఇది. ఆదివారానికి మధ్యలో ఉన్నది శనివారం ఒక్కటే.

“చొక్కా ఇప్పు,” అన్నాడు. “జాకీ పెట్టు.”

ముందు దిమ్మలు తీసేయడం పెద్ద పని కాలేదు. అవి బయటికి రాగానే బండి ముందుభాగం హాయిగా కిందికి దిగింది. వెనక కట్టను ఊడదీసి పరిస్తే, కొత్తగా వేసిన లావుపట్టీ మిగతావాటి మధ్యలో రాయిలాగా ఉంది. ఖాళీ బండిలో కూడా అది వంగనే వంగదు. రోడ్డు కొట్టిన దెబ్బనంతా అలాగే పైకి పంపిస్తుంది.

“సూడు అల్లుడా. నువ్వు అడిగేవి రెండు. జనరేటరు లాగేటప్పుడు కుంగకూడదు, మీ అమ్మ కూర్చుంటే కుదపకూడదు. గట్టిగా ఉంటే లాగుతాది, కుదుపుతాది. మెత్తగా ఉంటే కుదపదు, కుంగుతాది.”

“రెండూ కుదరవా అయితే?”

“కుదిరించాల. పైన పట్టీలన్నీ మెత్తగానే ఉంచుతా. అడుగున ఒకటి, వాటికి తగలకుండా, ఇంత సందు ఒదిలి పెడతా.” చూపుడువేలు మందం చూపించాడు. “మనుషులు కూర్చుంటే పైవే ఆడతాయి. బరువు పడితే అవి దిగొచ్చి దీని మీద ఆనుకుంటాయి. అప్పుడు ఇది మోస్తాది. అవసరం లేనప్పుడు ఉలక్కుండా పలక్కుండా కింద ఉంటాది.”

“మా అత్త మాదిరి.”

“మీ అత్తా ఉలక్కుండా ఉండేది? ఈ మాట మధ్యాన్నం దాని ముందర అను, అన్నం పెట్టదు.”

పట్టీని కొలిమిలోంచి తీశాక మాట్లాడే తీరిక ఉండదు. వరదయ్య ఒక చేత్తో పట్టకారుతో దాన్ని దాగలి దిమ్మ మీద పట్టుకుని, ఇంకో చేతిలోని చిన్న సుత్తితో ఒకచోట టంగుమని తాకుతాడు. అదే చోట భాను సమ్మెట దిగాలి. టంగ్, ధన్. టంగ్, ధన్. చిన్న సుత్తి పట్టీ మీద తాకితే కొట్టమని. పక్కన దాగలి మీద రెండుసార్లు తాకితే ఆగమని. తండ్రి పోయాక భాను నాలుగైదేళ్ళు ఈ షెడ్డులోనే ఈ భాష నేర్చుకున్నాడు. తర్వాత దీపాల మీద మోజుపడి వెళ్ళిపోయాడు. వరదయ్య నొచ్చుకోలేదు. తను కూడా చిన్నప్పుడు ఆ నాటకాల్లో పెట్రోమాక్సు దీపం పట్టుకుని స్టేజీ పక్కన నిలబడినవాడే. వేషం ఇస్తామన్నా వద్దన్నాడు. వెలుగు అమ్మ ముఖం మీద సరిగ్గా పడేట్టు దీపాన్ని కాస్త ఎత్తి, కాస్త దించి పట్టుకోవడంలోనే ఆయనకు సంతోషం ఉండేది. మేనల్లుడికి ఆ పిచ్చి తన నుంచే వచ్చిందని లోలోపల గర్వం.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి వరదయ్య భార్య చంద్రకాంతమ్మ సంగటి క్యారియరుతో వచ్చింది. వేడి సంగటి ముద్దలు, ఊరిబిండి పచ్చడి, మజ్జిగ. ముగ్గురూ చింతచెట్టు నీడలో కూర్చున్నారు.

“ఏమయ్యా, సగం ముద్ద ఒదిలేస్తివి?” అంది ఆమె.

“ఎండకు పోవడంలేదు లేవే.”

“సంగటి దిగకపోతే మజ్జిగ తాగు. కొలిమి కాడ కూర్చున్నోడికి ఎండొక లెక్కా? పొద్దున్నుంచీ ఆ మోచెయ్యి రుద్దుకుంటానే ఉండావు.”

“నీ చేతి ముద్ద మోసీ మోసీ నొప్పి పుట్టింది.”

“సూడరా భానూ, మీ మామకు ముసిలితనంలో సరసం.” ఆమె కోపంగానే నీళ్ళు పోసింది, ఇంకో గ్లాసు కూడా పోసింది. ఆయన రెండూ తాగాడు.

భానుకు మనసులో ఉన్నది ఆగలేదు. “అంతా సరే మామా. బండి మళ్ళీ మామూలుగా అయిపోయింది. ఈసారి ట్రైలరు దీనికే తగిలించినా, అది మరీ కుంగదంటున్నావు. అమ్మోరు మళ్ళీ ముందుకు వంగితే? పెంచలయ్య పెదనాయన ఊరుకుంటాడా?”

“అమ్మోరి పీట కింద ముందరి తట్టు చెక్క పెట్టు. చెక్కతో పోయేదానికి బండి నడుం ఇరగ్గొట్టినావు.”

భాను నోరు తెరిచాడు. చంద్రకాంతమ్మ ఫక్కుమంది. “అంతేనా! ఈ మాటకు తిరుపతి దాకా పోయినాడా వీడు!”

వరదయ్య మాత్రం నవ్వలేదు. చేయి కడుక్కుంటూ మెల్లగా అన్నాడు. “నాకొకటి తెలీదురా. అమ్మ ముందుకు వంగినట్టుంటే తప్పేముండాది? బిడ్డ ఏదో చెప్తా ఉంటే తల్లి వంగి వినదా? మనమే నిటారుగా నిలబడమంటా ఉండాం. ఆమెనెవరన్నా అడిగినారా?”

“నువ్వే అడుగు, ఆదివారం,” అంది భార్య. “దానికి ముందర పని ముగించు.”

మధ్యాహ్నం పని అనుకున్నట్టు సాగలేదు. తప్పు వరదయ్యదే. కట్ట బిగించాక కొలతకు భాను అగ్గిపెట్టెను సందులో దూర్చబోతే దూరలేదు. అడుగు పట్టీకి వంపు ఎక్కువ పడి, బరువు లేకుండానే పైదానికి తగులుతోంది.

“మామా, ఆనుకోనే ఉండాది ఇది.”

“ఉండదు.”

“వొచ్చి సూడు.”

వరదయ్య బండి కింద పాకి చూశాడు. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక వీపున మట్టి దులుపుకోకుండానే, “ఇప్పు,” అన్నాడు.

“ఇట్లనే ఉండనీలే మామా. కొంచెమే గదా. నువ్వు కూడా అలిసిపోయినావు.”

“ఆ కొంచెం మీ అమ్మ నడుములో తగులుతాది. ఇప్పు.”

మళ్ళీ బొగ్గు, మళ్ళీ బ్లోయరు. ఈసారి పిడి తిప్పే పని భాను లాక్కున్నాడు. పట్టీ ఎర్రబడ్డాక చిన్న సుత్తి దెబ్బలు పొద్దునకంటే నెమ్మదిగా, దూరం దూరంగా పడ్డాయి. కానీ ప్రతి దెబ్బా పడాల్సిన చోటే పడింది. నూనెలో ముంచినప్పుడు లేచిన పొగలో ఆయన దగ్గుతూ నిలబడ్డాడు. బిగించాక అగ్గిపెట్టె సందులో అటూ ఇటూ తేలిగ్గా జారింది. ఆయన చిన్నపిల్లవాడిలాగా దాన్ని రెండు మూడుసార్లు జార్చి చూసుకున్నాడు.

ట్రైలరు మీద జనరేటరు కూడా ముందుకు తోసి ఉండటం ఆయన గమనించాడు. బరువంతా కొక్కెం మీద పడి బండి తోకను కిందికి లాగుతోంది. ఇద్దరూ గడ్డపారతో దాన్ని చక్రాల మీదికి వచ్చేట్టు కాస్త వెనక్కి జరిపారు. “ఇంకా జరపమంటావా?” అంటే, “వద్దు. మరీ ఎనకైతే రోడ్డు మీద ట్రైలరు తోక ఆడిస్తాది. రవ్వంత బరువు ముందరే ఉండాల,” అన్నాడు. ట్రైలరు తగిలించి పక్కనుంచి చూస్తే, బండి ఎటూ లేవకుండా, ఎటూ కుంగకుండా, తిన్నగా నిలబడి ఉంది.

పొద్దు వాలుతుండగా వరదయ్య తొట్టిలో ముఖం కడుక్కుని చొక్కా తొడుక్కున్నాడు. భాను చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. కొలిమి ఆర్పకుండానే, బొగ్గు మీద బూడిద కప్పి వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు వరదయ్య.

“పుత్తూరు దాకా పోనీ. రత్నమ్మ కూర్చునే సీటు ఇదే గదా. అది కూర్చునేదానికి ముందు నేను కూర్చోని సూడాల. నేను చెప్పేదాకా ఆపబాక. పలకరించబాక.”

“తెలుసు మామా, జపం.”

నిమ్మకాయలు చిట్లాయి. వరదయ్య కళ్ళు మూసుకుని, అరచేతిని సీటు మీద బోర్లించాడు.

మొదటి స్పీడుబ్రేకరు దగ్గర భాను ఊపిరి బిగబట్టాడు. ముందు చక్రాలు ఎక్కి దిగాయి, వెనకవి ఎక్కి దిగాయి, ట్రైలరు మెత్తగా వెంట వచ్చింది. నీళ్ళ మీద పడవ పోయినట్టుంది. “ఊఁ” అన్నాడు వరదయ్య. రోడ్డు తవ్వి పూడ్చిన చోట భాను కావాలనే వేగం తగ్గించలేదు. స్టీరింగు చేతిలో బరువుగా, నమ్మకంగా ఉంది. “బాగుండాది,” అన్నాడు వరదయ్య కళ్ళు తెరవకుండా. ఆ తర్వాత ఏమీ అనలేదు. అనలేదంటే వంక లేదని భానుకు తెలుసు. వంక ఉంటే ఆయన పెదవి కొసను పంటితో నొక్కుతాడు. ఓరకంట చూస్తే ముఖం ప్రశాంతంగా ఉంది. చేయి సీటు మీద అలాగే ఉంది. కిటికీలోంచి వచ్చే గాలికి నెరిసిన జుట్టు కదులుతోంది. భానుకు ఎంత ఆనందమైందంటే, చెప్పకూడదనుకుంటూనే, “మామా, ఆదివారం అమ్మను మారాణి మాదిరి తీసుకోనొస్తా సూడు,” అనేశాడు. తిట్టు పడుతుందని నాలుక కరుచుకున్నాడు. పడలేదు.

ఇంటి ముందు బండి ఆపాక కూడా ఆయన కళ్ళు తెరవలేదు.

“వచ్చేసినాం మామా. దిగు.”

మునిరత్నమ్మ చప్పుడు విని, నడుముకు బెల్టుతో, చేతికర్రతో వాకిట్లోకి వచ్చింది. “నిద్రపోయినాడా? లేపొద్దు, ఉండు,” అంటూ కిటికీ దగ్గరికి వచ్చింది. అన్న చేతి మీద చేయి వేసింది. వేసిన చేతిని తీయలేదు. “అన్నా,” అంది ఒకసారి. రెండోసారి పిలవలేదు.

పక్కవీధి డాక్టరు వచ్చి చూసి, గుండె ఆగి కొంతసేపయిందని చెప్పాడు. ఎక్కడ ఆగిందో ఎవరికీ తెలియదు. భాను ఆ దారినంతా మళ్ళీ మళ్ళీ మనసులో నడుపుకుంటూ వెతికాడు. ఏ మలుపులోనూ, ఏ గుంతలోనూ బండి కుదపలేదు. ఎక్కడో అక్కడ, ఒక చిన్న కుదుపైనా లేకుండా, ఆయన దిగిపోయాడు.

వరదయ్యను వడమాలపేటకు చేర్చాలి. ఇరుగుపొరుగు కలిసి వెనక పరుపు వేసి పడుకోబెట్టారు. జనరేటరును విప్పొద్దన్నాడు భాను, ఇంటి ముందు వెలుతురు కావాలి. మునిరత్నమ్మ కర్ర పట్టుకుని బండి మెట్టు దగ్గర నిలబడింది. ఇద్దరు ఆడవాళ్ళు పట్టుకుని ఆమెను సీట్లో కూర్చోబెట్టారు. దారి పొడుగునా ఆమె ఎదురుగా చూస్తూనే ఉంది. ఒక్కో స్పీడుబ్రేకరు వచ్చినప్పుడల్లా భాను బండిని దాదాపు ఆపేస్తున్నాడు.

“అమ్మా, నొప్పిగా ఉండాదా?”

“లేదురా.” కొంతదూరం పోయాక అంది. “రవ్వంత నొప్పన్నా పుట్టుంటే బాగుండురా. దాని పేరు చెప్పుకోని ఏడ్సుందును.”

మరుసటి పొద్దున గుడి పెద్ద పెంచలయ్య వచ్చి, శవం దగ్గర దండం పెట్టి, భాను భుజం మీద చేయి వేశాడు. మైల గనక ఈ ఏడు బండీ రాదు, వీళ్ళూ రారు. ఊరేగింపుకు ఇంకేదో బండి చూసుకుంటామని ఆయనే అన్నాడు. “అమ్మోరి పీట కింద చెక్క పెట్టుకోండి పెదనాయనా,” అన్నాడు భాను. “మామ చెప్పినాడు.” ఆ ముసలాయన తల ఊపి, పైగుడ్డతో కళ్ళు ఒత్తుకున్నాడు.

లోపల ఆడవాళ్ళ మధ్య కూర్చున్న చంద్రకాంతమ్మ భానును సైగ చేసి పిలిచింది. రాత్రంతా ఏడ్చి గొంతు పోయింది ఆమెకు. “మీ మామ కొలిమి ఆర్పినాడో లేదో. గాలికి నిప్పు లేస్తే షెడ్డు పోతాది. ఓసారి పోయి సూసిరా నాయనా.”

భాను సైకిలు మీద వెళ్ళాడు. షెడ్డులో చిన్న సుత్తి దాగలి మీదే ఉంది. కొలిమిలో పైన బూడిద తెల్లగా, చల్లగా కనిపించింది. నీళ్ళు పోయబోయి, అడుగున నిప్పు ఉందేమోనని కడ్డీతో కదిపాడు. కడ్డీకి ఏదో మెత్తగా తగిలింది. బూడిదను పక్కకు నెట్టాడు.

రెండు గెనుసుగడ్డలు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. మామకు చక్కెర జబ్బు వచ్చినప్పటినుంచీ ఇంట్లో ఆ తీపి దుంపల పేరు ఎత్తనివ్వదు అత్త. ఎప్పుడు కొన్నాడో, బండెక్కే ముందు ఎప్పుడు కప్పిపెట్టాడో. పెద్దదాని తొక్క ఒకచోట పగిలి, పాకం బయటికి కారి, నల్లగా గట్టిపడింది. చేతిలోకి తీసుకుంటే అది ఇంకా వెచ్చగానే ఉంది.